తుపానుకు నంబరుంది, జ్వరానికి లేదు

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని టీవీలో చెప్పగానే విశాఖపట్నంలో ఎవరి పనిలో వాళ్లు పడతారు. వేటకెళ్లిన బోట్లు ఫిషింగ్ హార్బరు దారి పడతాయి. ఇళ్లలో ట్యాంకులు నింపుకుంటారు, కొవ్వొత్తులు, పాల పేకెట్లు తెచ్చిపెట్టుకుంటారు. "పోర్టులో ఎన్నో నంబరు ఎగరేశారు?" అని బస్సులో పక్క సీటాయన అడుగుతాడు. ఒకటి నుంచి 11 దాకా ఉన్న ఆ నంబర్లకు అసలు అర్థాలు తెలిసినవాళ్లు ఊళ్లో ఎంతమందో చెప్పలేను గానీ, మూడంటే కాస్త చూసుకోవాలని, పదంటే తలుపులు బిగించుకోవాలని అందరికీ తెలుసు. తుపాను ఇంకా రెండు మూడు రోజుల దూరంలో ఉండగానే ఇదంతా జరిగిపోతుంది.

ఇదే ఊళ్లో ఏటా వానలు పడ్డాక డెంగీ వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలుసు, ఎందుకొస్తుందో తెలుసు. కానీ ఆ కబురు మనకు అందేది ఆస్పత్రి మంచాలు నిండాకే. డెంగీ విజృంభణ అని పేపర్లో పడేసరికి ఆ వీధిలో ఎందరో అప్పటికే సెలైన్ ఎక్కించుకుని ఇంటికొచ్చి ఉంటారు. తుపాను సంగతి ముందు చెప్పడం, జ్వరం సంగతి తర్వాత చెప్పడం మనకు అలవాటైపోయింది. ఇది మారాలనీ, మార్చడానికి కావలసినవన్నీ మన దగ్గరున్నాయనీ, అయినా మారకపోవడానికి కారణం వేరే ఉందనీ నా వాదన.

నాకు ఇక్కడే, విశాఖలోని గోపాలపట్నంలో మెడికల్ షాపుంది. డాక్టర్ని కాదు కాబట్టి వైద్యం చెప్పను, కౌంటర్ వెనక నుంచి కనిపించేది చెబుతాను. మే నెలలో, రోడ్డు మీద కుక్క కూడా కనిపించని మధ్యాహ్నం పూట, కంపెనీ రిప్రజెంటేటివ్ చెమట తుడుచుకుంటూ వస్తాడు. "అన్నా, సీజన్ దగ్గరకొచ్చేసింది. పదికి రెండు ఫ్రీ నడుస్తోంది, ఇప్పుడే ఎత్తెయ్" అంటాడు. పారాసిటమాల్, ఓఆర్ఎస్, యాంటీబయాటిక్స్, బొప్పాయి ఆకు టాబ్లెట్లు. జూన్ మొదటి వారానికల్లా నా వెనక రాక్‌లో అవి పేర్చి ఉంటాయి. హోల్‌సేలరు గోడౌన్లో అంతకు ముందే దిగి ఉంటాయి. నర్సింగ్ హోములు సెలైన్ బాటిళ్లకు ఇండెంటు పెట్టేసి ఉంటాయి. రాబోయే జ్వరాల గురించి కంపెనీకి తెలుసు, హోల్‌సేలరుకు తెలుసు, నాకు తెలుసు, ఆస్పత్రికి తెలుసు. జ్వరం రాబోయే మనిషికి తప్ప.

ఏడాది పొడవునా ఇదే తంతు. సంక్రాంతి దాటి ఎండ ముదురుతుంటే ఆటలమ్మ మొదలవుతుంది. కేలమైన్ లోషన్ కదులుతుంది, గుమ్మాలకు వేపమండలు ఎక్కుతాయి. (అమ్మవారు పోసినప్పుడు మందులేయకూడదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. దణ్ణం పెట్టుకోండి, డాక్టరుకూ చూపించండి అంటాను. పెద్దవాళ్లకు పోస్తే అది తేలిక జబ్బు కాదు.) మొదటి వానలకు కుళాయి నీళ్ల రంగు మారిందంటే వాంతులు, విరేచనాలు. ఆ వెనకే టైఫాయిడ్, పచ్చకామెర్లు. వానల్లో ఏజెన్సీ వైపు మలేరియా, నగరంలో డెంగీ. వానలు తగ్గి గట్ల మీద గడ్డి ఏపుగా పెరిగాక స్క్రబ్ టైఫస్.

ఈ చివరిదాని దగ్గర కాసేపు ఆగాలి. 2025 చివర్లో ఈ పేరు మన రాష్ట్రంలో వార్తలకెక్కినప్పుడు ఎక్కడినుంచో వింత పురుగేదో దిగినట్టు మాట్లాడుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా అడవుల్లో సైనికుల్ని పడగొట్టిన జ్వరమే ఇది. గడ్డిలో, తుప్పల్లో ఉండే చిగ్గర్ అనే పురుగు, కంటికి సరిగా ఆననంత చిన్నది, కుడుతుంది. కుట్టినచోట చాలామందికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ కడుతుంది. అది చంకలోనో, గజ్జల్లోనో, నడుం మడతలోనో ఉంటుంది. నొప్పి పుట్టదు కాబట్టి ఆ మనిషికే తెలీదు, తెలిసినా సిగ్గుపడి చూపించడు. అడిగి చూడాలి. దానికి వాడే డాక్సీసైక్లిన్ నా షాపులో బాగా చవక మందుల్లో ఒకటి. అది చేరిన టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలో లెడర్లీ లేబరేటరీస్ నుంచి బయటికొచ్చింది. అక్కడ పరిశోధనలకు పెద్దగా ఉన్నది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇన్నేళ్ల తర్వాత, ఇంత చవక మందు ఉండి కూడా ఈ జ్వరంతో మనుషులు పోతున్నారంటే ఎక్కువగా ఆలస్యం వల్లే. పదిరోజులుగా జ్వరం తగ్గకపోతే ఒంటి మీద నల్ల మచ్చ ఉందేమో చూడండి అని అక్టోబరులో ఎవరైనా ఒక్క మాట చెబితే చాలు. ఎవరూ చెప్పరు. జనవరిలో లెక్కలు చెబుతారు.

ముందుగా వచ్చే వార్తలు అసలు లేవా అంటే ఉన్నాయి, అవి ఇంకో రకం. 2025 జనవరి మొదట్లో హెచ్‌ఎంపీవీ అంటూ దేశమంతా హడావుడి పడింది. వారం తిరక్కుండా నా షాపులో మాస్కులు అయిపోయాయి. ఆ వైరస్‌ను నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2001లోనే గుర్తించారు. ఐదేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకూ ఒకసారి వచ్చిపోతుంది, జలుబు దగ్గులా. నెలల పసికందులకూ, ముసలివాళ్లకూ ఇబ్బందే, కాదనను. కానీ ఫోన్లలో తిరిగిన టెన్షన్‌కూ దానికీ పొంతన లేదు. ఖాళీగా వదిలిన చోటును పుకారు ఆక్రమిస్తుంది మరి.

ప్రభుత్వం ముందుగా చెప్పడానికి ఏడాదంతా దినాలున్నాయి అంటారు. నిజమే, ఉన్నాయి. మార్చి 24న క్షయ దినం, ఏప్రిల్ 25న మలేరియా, అదే వారంలో టీకాల వారోత్సవం, మే 16న జాతీయ డెంగీ దినం, జూలై 28న కామెర్ల దినం, సెప్టెంబరు 28న రేబిస్. ఆ రోజు బీచ్ రోడ్డులో ర్యాలీ, టోపీలు, బ్యానరు, మరుసటి రోజు పేపర్లో ఫొటో. డెంగీ దినాన్ని వానలకు ముందు పెట్టిన మహానుభావుడెవరో గానీ తెలివైనవాడు. తీరా ఆ రోజు బ్యానరు మీద ఉండేది దోమ బొమ్మ, నాయకుల ఫొటోలు. మీ వార్డులో పోయినేడు ఏ వారంలో కేసులు మొదలయ్యాయి, ఈసారి ఎప్పటినుంచి జాగ్రత్త పడాలి అన్నది ఉండదు. రేబిస్ దినాలు ఇన్ని జరిగాయి కదా, ఇప్పటికీ కుక్క కరిచినవాళ్లు కౌంటర్ దగ్గరికొచ్చి "బొడ్డు చుట్టూ 14 పొడుస్తారట కదా" అని భయపడుతున్నారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే పోయింది. ఇప్పుడు వేసేది చేతికి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడుక్కుని తిన్నగా కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆస్పత్రి), దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికో వెళ్లాలి. గాయం లోతైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేస్తారు. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు. ఇంత ముఖ్యమైన సంగతి కంటే మాసిపోయిన 14 ఇంజెక్షన్ల కథే జనం నోట్లో ఎక్కువగా ఉంది.

డెంగీ లెక్క ఒకసారి చూడండి, ముందు చెప్పడం సాధ్యమా కాదా తేలిపోతుంది. ఏడిస్ దోమ గుడ్లు డ్రమ్ము గోడకూ, కూలరు అంచుకూ, పారేసిన టైరు లోపలికీ అతుక్కుని నెలల తరబడి నీళ్లు లేకుండా కూడా బతికే ఉంటాయి. వాన పడి నీళ్లు తగిలితే పొదుగుతాయి. గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం, పది రోజులు. శుక్రవారం డ్రై డే అనేది అందుకే. వారానికోసారి నీళ్లు పారబోసి తోమితే ఆ దోమ రెక్కలు రాకముందే పోతుంది. ఆ దోమ డెంగీ ఉన్న మనిషిని కుట్టాక, వైరస్ దాని ఒంట్లో పెరిగి ఇంకొకరికి ఎక్కించే స్థితికి రావడానికి ఇంకో 8 నుంచి 12 రోజులు. అది కుట్టాక మనిషికి జ్వరం రావడానికి 4 నుంచి 10 రోజులు. అన్నీ కలిపితే మొదటి పెద్ద వానకూ మొదటి గుంపు కేసులకూ మధ్య దాదాపు నెల రోజులుంది. తుపానుకు వాతావరణ శాఖ మొదటి హెచ్చరిక ఇచ్చేది 72 గంటల ముందు. మూడు రోజుల గడువుతో ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేయించగలిగిన మనం, నెల రోజుల గడువు ఉన్నదాని గురించి నోరు మెదపం.

పైగా డెంగీలో చెప్పాల్సింది దోమ సంగతి ఒక్కటే కాదు. పోయిన సీజన్లో ఒకావిడ చీటీ లేకుండా వచ్చింది. కొడుక్కి నాలుగు రోజులుగా జ్వరం, ఆ రోజు పొద్దున తగ్గింది, నీరసానికి టానిక్ ఇమ్మంది. కడుపులో నొప్పి ఉందా, వాంతులవుతున్నాయా అని అడిగాను. "అవుతన్నాయి గానీ జొరం పోనాది గదా బాబూ, ఇంకేటి బెంగ?" అంది. డెంగీలో బెంగ పడాల్సింది సరిగ్గా అప్పుడే. ఒంట్లో నీరు రక్తనాళాల్లోంచి బయటికి కారి బీపీ పడిపోయే ప్రమాదం జ్వరం దిగాక వచ్చే ఒకటి రెండు రోజుల్లో ఎక్కువ. టానిక్ ఇవ్వలేదు, ఆటో ఎక్కించి పంపాను. ఇంకొకటి. ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ పొడిపించుకుని వచ్చేవాళ్లు, ఇబుప్రొఫెన్ కలిసిన బిళ్లలు అడిగేవాళ్లు సీజన్లో రోజూ ఉంటారు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు అవి వాడకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. పారాసిటమాల్ ఒక్కటే. ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం ఊరంతా పరుగులు పెడుతుంది, బొప్పాయి ఆకు రసం పిండుతుంది, కడుపు నొప్పిని మాత్రం పట్టించుకోదు. ఈ రెండు ముక్కలు జూలైలోనే ఊరందరికీ తెలిస్తే మిగిలే ప్రాణాలెన్నో.

మరి ఎందుకు చెప్పరు? నాకు తోచిన సమాధానం ఇది. తుపాను ఎవరి తప్పూ కాదు. డెంగీ ఎవరిదో ఒకరి తప్పు. తుపాను వస్తోందని చెప్పిన అధికారిని ఎవరూ నిలదీయరు. ఫలానా వార్డులో డెంగీ పెరగబోతోందని చెప్పిన అధికారిని మాత్రం గెడ్డలు (మురుగు కాలువలు) ఎందుకు తీయించలేదు, ఫాగింగ్ ఎందుకు చేయించలేదు అని పది మైకులు చుట్టుముడతాయి. ఇంకెవరు నోరు తెరుస్తారు? అందుకే లెక్కల దగ్గర కూడా దోబూచులాట. ప్రైవేటు ల్యాబుల్లో ర్యాపిడ్ కార్డు మీద గీత పడితే డెంగీ అంటారు. ప్రభుత్వం ఎలైజా అనే ల్యాబు రక్తపరీక్షలో తేలినదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. శాస్త్రం ప్రకారం ప్రభుత్వం మాటే సరైనది, కార్డు పరీక్షలు తప్పవచ్చు. కానీ పేపర్లో ఒక పేజీలో వందలు, ఇంకో పేజీలో పదులు చూసిన మనిషి ఏం అనుకుంటాడు? ఎవరో అబద్ధం చెబుతున్నారనుకుంటాడు. రెండు అంకెలూ ఎందుకు వేరో రెండు వాక్యాల్లో చెప్పే నాథుడు ఉండడు.

సమాచారం లేక కాదు. దేశంలో జబ్బుల నిఘా కోసం ఐడీఎస్‌పీ అనే కార్యక్రమం 2004 నుంచి నడుస్తోంది. 2021 నుంచి అది ఐహెచ్‌ఐపీ అనే కంప్యూటర్ వేదిక మీదికి ఎక్కింది. గ్రామంలో ఏఎన్‌ఎమ్ రాసిన జ్వరం, పీహెచ్‌సీ డాక్టరు అనుమానించిన జ్వరం, ల్యాబులో తేలిన జ్వరం మూడూ విడివిడిగా పైకి వెళతాయి. అంటే గోపాలపట్నంలో జ్వరాలు పెరుగుతున్న సంగతి ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలిసే దారి ఉంది. గోపాలపట్నానికే లేదు. ఏజెన్సీ మలేరియా విషయంలో ఇదే యంత్రాంగం వేరేలా పనిచేస్తుంది. పాడేరు, అరకు వైపు వానలు ముదరకముందే ఇళ్ల గోడలకు దోమల మందు కొడతారు, దోమతెరలు పంచుతారు. రాబోయేది తెలిసి ముందు అడుగు వేయడమే అది. కొండ మీద చేయగలిగింది కొండ కింద చేయలేమంటే నమ్మను.

ముందే చెబితే జనం భయపడిపోతారు అనే వాదన ఒకటుంది. చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. దానికి జవాబు మన ఊళ్లోనే దొరుకుతుంది. విశాఖలో ఓడల మీద పనిచేసే కుర్రాళ్లు చాలామంది. ఆఫ్రికా వైపో, బ్రెజిల్ వైపో వెళ్లే ఓడ ఎక్కాలంటే ఎల్లో ఫీవర్ టీకా వేసుకుని పసుపు పుస్తకం దగ్గరుంచుకోవాలి. మన పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ దగ్గర వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేసుకోవాలి, ఒక్క డోసు చాలు, 2016 జూలై నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. ఇవన్నీ పదో తరగతి తర్వాత ట్రైనింగుకెళ్లిన కుర్రాడు కూడా గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. మన దేశంలో లేని జబ్బు అది, ప్రాణాలు తీసే జబ్బు. ఎవరైనా హడలిపోయారా? గడువు ముందే తెలుసు, చోటు తెలుసు, చేయాల్సిన పని తెలుసు, కాబట్టి చేసుకుపోతున్నారు. జరగని తుపానుల సంగతీ అంతే. 2021 డిసెంబరులో జవాద్ వస్తోందని ఉత్తరాంధ్ర అంతా అప్రమత్తమైంది, తీరా అది సముద్రంలోనే బలహీనపడింది. తర్వాతి తుపానుకు ఎవరూ హెచ్చరికను నమ్మడం మానలేదు. జ్వరం రావచ్చని చెప్పి రాకపోతే ఇంకా మంచిదే కదా.

ముందు చెప్పకపోతే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2009లో, ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను తెచ్చే వైరస్ నుంచి కాపాడే టీకా. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు, దాదాపు 14 వేల మంది పిల్లలు. చాలామంది గిరిజన హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. చాలామంది అమ్మానాన్నలకు చెప్పలేదు. ఎన్నో అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్త రాగానే గొడవ మొదలై 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. ఒకరు నీళ్లలో పడి, ఒకరు పాము కరిచి, అలా వేర్వేరు కారణాలు. కానీ అంగీకారం తీసుకున్న పద్ధతిని 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఉతికి ఆరేసింది.

టీకా తప్పు లేదు. చెప్పకపోవడం తప్పు. దాని మూల్యం ఎవరు కట్టారు? ఈ దేశంలో ఏటా లక్షకు పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వస్తోంది, 70 వేలకు పైగా చనిపోతున్నారు. ఖమ్మం తర్వాత చాలా ఏళ్లు ఎక్కువ ప్రభుత్వాలు ఈ టీకా పేరు గట్టిగా ఎత్తలేదు. సిక్కిం మాత్రం 2018లో వేసింది. ముందు టీచర్లతో, తల్లిదండ్రులతో, విలేకరులతో కూర్చుని మాట్లాడి, తర్వాత బడికి తీసుకెళ్లింది. తొమ్మిది నుంచి 14 ఏళ్ల ఆడపిల్లల్లో 95 శాతానికి పైగా వేయించుకున్నారు. 2023లో మన దేశంలో తయారైన సర్వావ్యాక్ వచ్చింది, 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్లో ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. మా షాపుకొచ్చే అమ్మలు ఇప్పటికీ అడిగేది "అది వేయిస్తే పిల్లలు పుట్టరట, నిజమా అన్నయ్యా?" అనే. నిజం కాదు. కానీ నా నోటి మాట ఎంత దూరం వెళుతుంది? ఆ జవాబు బడి నుంచి, ఏఎన్‌ఎమ్ నుంచి, టీకా రాకముందే ఇంటికి చేరాలి.

రేపు డెంగీ టీకా వచ్చినప్పుడూ ఇదే పరీక్ష. పానేసియా బయోటెక్, ఐసీఎంఆర్ కలిసి డెంగీఆల్ అనే ఒక్క డోసు టీకా మూడో దశ ప్రయోగాలను 2024 ఆగస్టులో మొదలుపెట్టాయి, పదివేల మందికి పైగా వలంటీర్లతో. అదే మూలం నుంచి వచ్చిన టీకాకు బ్రెజిల్ 2025 నవంబరులో అనుమతి ఇచ్చింది. జపాన్ కంపెనీ టకేడా టీకాను హైదరాబాద్‌లో బయోలాజికల్ ఇ తయారు చేయడానికి 2024లో ఒప్పందం కుదిరింది. డెంగీ నాలుగు రకాలు, ఒక రకం వచ్చి తగ్గినవాళ్లకు ఇంకో రకం వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ, అందుకే ఈ టీకా ఇంత కష్టం. ఫిలిప్పీన్స్‌లో 2016లో లక్షల మంది పిల్లలకు ఒక డెంగీ టీకా వేశాక, అంతకు ముందు డెంగీ రానివాళ్లకు అది ప్రమాదం పెంచవచ్చని 2017 నవంబరులో కంపెనీయే ప్రకటించింది. అక్కడి తల్లులు డెంగీ టీకాతో ఆగలేదు, తట్టు టీకాకు కూడా వెనకాడారు. 2019లో తట్టు విరుచుకుపడింది.

చెప్పడం అంటే ఏమిటో చూడాలనుకుంటే బుధవారం పూట మా షాపు వెనక సందులో అంగన్‌వాడీకి రండి. ఏఎన్‌ఎమ్ ఐస్ ప్యాకులున్న నీలం డబ్బాలోంచి తట్టు, రుబెల్లా టీకా సీసా తీస్తుంది. మూత మీదో, లేబుల్ మీదో ఉన్న చిన్న గుండ్రం లోపల చదరం ఇంకా తెల్లగా ఉందో లేదో చూస్తుంది, రంగు ముదిరితే వేడి తగిలిందని పక్కన పెట్టేయాలి. పొడిలో ద్రావకం కలిపాక టైము రాస్తుంది. నాలుగు గంటల్లో వాడాలి, మిగిలింది పారేయాలి. బిడ్డకు వేశాక ఆవిడ చెప్పేవి నాలుగే నాలుగు. ఏ టీకా వేశానో, అది ఏ జబ్బుకో. జ్వరం, వాపు వస్తే ఏం చేయాలో. మళ్లీ ఎప్పుడు రావాలో. కార్డు జాగ్రత్త. అరగంట కూర్చుని వెళ్లమంటుంది. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా వేసిన రాత్రి బిడ్డ జ్వరంతో ఏడుస్తుంటే, ముందే విన్న తల్లి పారాసిటమాల్ చుక్కలకు నా దగ్గరికొస్తుంది. వినని తల్లి మళ్లీ సెంటరు గడప తొక్కదు. హడావుడి ఎక్కువై ఏఎన్‌ఎమ్ ఆ మాటలు మింగేసిన వారం, తేడా నాకు మరుసటి నెల కార్డుల్లో కనిపిస్తుంది.

తట్టు మామూలు జబ్బు కాదు. 2026 నాటికి తట్టునూ రుబెల్లానూ లేకుండా చేయాలని మన దేశం లక్ష్యం పెట్టుకుంది. అందుకు రెండు డోసులూ 95 శాతం పిల్లలకు పడాలి. ఒక్కరి నుంచి పన్నెండు మందికి పైగా అంటుకోగల జబ్బు కాబట్టి ఆ 95 నుంచి కిందికి జారడానికి చోటు లేదు. డబ్బున్న దేశాలు జారాయి. 2025లో అమెరికాలోని టెక్సాస్‌లో తట్టు వ్యాపించి ఇద్దరు పిల్లలు పోయారు, ఆ నవంబరులో కెనడా తట్టు లేని దేశమన్న హోదా పోగొట్టుకుంది. మా వీధిలో మనవల్ని చూడ్డానికి డాలస్ వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు తక్కువేం కాదు, సెలవులకు అక్కడినుంచి వచ్చే పసిపిల్లలూ ఉన్నారు. విమానం టికెట్ బుక్ చేసినప్పుడే పిల్లల టీకా కార్డు ఒకసారి తీసి చూసుకోండి.

మరి ఏం కావాలి? తుపాను హెచ్చరిక ఇచ్చేది వాతావరణ శాఖ, సహాయం చేసేది కలెక్టరు. ఇద్దరూ వేరు కాబట్టే మొదటివాళ్లు దాచుకోరు. జ్వరాల విషయంలోనూ ఆ విడదీత కావాలి. గెడ్డలు తీసే శాఖ చేత గెడ్డల జబ్బు గురించి హెచ్చరిక ఇప్పించకూడదు. ఊళ్లో 1923లో పెట్టిన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, అందులో కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంది. వారానికోసారి, సోమవారం, ఒక్క పేజీ, తెలుగులో, ఒక ప్రొఫెసర్ సంతకంతో. వార్డులవారీగా జ్వరాలు పోయినేడు ఇదే వారంతో పోలిస్తే ఎలా ఉన్నాయి, వచ్చే నాలుగు వారాల్లో ఏం పెరగవచ్చు, దాని ప్రమాద లక్షణాలు రెండు, ఏ మందు వాడకూడదు, ఏ సెంటర్లో ఏ టీకా ఉంది, ఏది అయిపోయింది. తెలియనిది తెలియదని రాయాలి. పేరు ఊరు ఎవరివీ అక్కర్లేదు.

ఒక పేజీ ఎవరు చదువుతారు అని నవ్వకండి. చదివేవాళ్లు చదువుతారు, మిగతావాళ్లకు పొద్దున్నే ప్రతి సందులోకీ వచ్చే చెత్త బండి ఉంది. దాని మైకులో తడి చెత్త, పొడి చెత్త పాట ఊరందరికీ నోటికొచ్చు. ఆ పాట మధ్యలో ఒక నిమిషం తీసుకుంటే, ఈ వారం మీ వార్డులో డ్రమ్ములు తోమండి, జ్వరం తగ్గాక కడుపు నొప్పి వస్తే ఆగకండి అని చెప్పేయొచ్చు. డ్రైవరుకు అదనంగా ఒక పెన్‌డ్రైవ్ ఇస్తే సరి.